మెల్లగా పడిన నీళ్ళు

ఆ స్టూడియోలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కంప్యూటర్లో మంటలు చేసేవాడు మంటలాయన, జంతువుల ఒంటిమీద బొచ్చు చేసేవాడు బొచ్చాయన, నీళ్ళు చేసేది కాబట్టి ఆవిడ నీళ్ళావిడ. సినిమాలో ఓడ మునిగినా, వంతెన కొట్టుకుపోయినా, హీరో వానలో తడుస్తూ కుమిలిపోయినా ఆ నీళ్ళలో సగం ఆవిడ బల్ల మీద పుట్టినవే. యజమానికి ఏం చూపించినా "ఇంకొంచెం గ్రాండ్‌గా ఉండాలి" అంటాడు. అందుకని వెనకాల ఆయన పేరు ఇంకొంచెం గారు. ఎదురుగా మాత్రం సార్ అంటారు, జీతాలు కావాలి కదా మరి.

నీళ్ళావిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా "అబ్బ, అచ్చం నిజం నీళ్ళలా ఉన్నాయండీ" అంటే ఇప్పుడైతే చెంప పగలగొట్టేలా చూస్తుంది. ఒకప్పుడు అలా కాదు. ఆ మాట కోసం పడి చచ్చేది. ఎందుకు మారిందంటే, ఒక ట్యాంకు పగిలింది.

ఊరి చివర కాలనీకి కొత్తగా కట్టిన పెద్ద నీళ్ళ ట్యాంకు అది. స్తంభాల మీద ఎత్తుగా, తెల్లగా, పెళ్ళికొడుకులా నిలబడి ఉండేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి దాని గోడ పగిలి నీళ్ళన్నీ సందులోకి దూకాయి. సందులో లాండ్రీ షాపు నడుపుకునే తల్లీ కూతురూ పోయారు. తడిబట్టలు ఆరేసుకుంటున్న మనుషులు నీళ్ళకే పోవడం ఏం దిక్కుమాలిన రాతో! ట్యాంకు కట్టిన కంపెనీ మాత్రం మర్నాడే తేల్చేసింది. గోడలు పగులుతుంటాయి, అది వాళ్ళ తప్పు కాదట. కింద పంపు గదిలో ఆపరేటరు ఉన్నాడు, ఆయన పక్కనే సైరన్ బటన్ ఉంది, గోడ పగలగానే అది నొక్కితే సందులో వాళ్ళు బయటపడేవాళ్ళట. నొక్కలేదు కాబట్టి ఆ రెండు చావులూ ఆయన నెత్తినే.

ఆ పంపు ఆపరేటరు నీళ్ళావిడకి సొంత బాబాయి. చిన్నప్పుడు రోజూ ఆవిడని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి. నోట్లో నాలుక లేనివాడు. కూరగాయల కొట్టులో ఎవరైనా వరస తప్పి ముందుకొస్తే తనే వెనక్కి జరిగే రకం.

విచారణ వేశారు. ట్యాంకు ఎలా పగిలిందో, నీళ్ళు ఎలా పడ్డాయో అధికారికి కళ్ళకి కట్టినట్టు చూపించడానికి కంపెనీవాళ్ళు ఒక వీడియో చేయించాలనుకున్నారు. తిరిగి తిరిగి ఇంకొంచెం గారి దగ్గరికే వచ్చారు. పని నీళ్ళావిడ బల్ల మీద పడింది. ఆ ఆపరేటరు తన బాబాయి అని ఆవిడ స్టూడియోలో ఎవరితోనూ అనలేదు. లోపల మాత్రం ఎగిరి గంతేసింది. అంత నీరు అంత ఎత్తునుంచి పడటం ఒక్కసారి చూస్తే చాలు, రాయి కూడా అర్థం చేసుకుంటుంది, పాపం ఆ మనిషి ఏం చెయ్యగలడు అనుకుంటుంది అని ఆవిడ నమ్మకం. పిన్నికి ఫోన్ చేసి "నువ్వు దిగులు పెట్టుకోకు పిన్నీ, నా నీళ్ళే బాబాయి తరఫున సాక్ష్యం చెప్తాయి" అని కూడా అంది.

ట్యాంకు కొలతలు పెట్టింది. గోడ మందం పెట్టింది. ఎత్తు ఉన్నది ఉన్నట్టు పెట్టింది. మొదట చేసిన వీడియో చూసి ఇంకొంచెం గారు మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఇది? బాత్‌రూమ్‌లో మగ్గు ఒలికినట్టుంది."

ఆయన అన్నది నిజమే, అదే వచ్చిన చిక్కు. కంప్యూటర్లో నీళ్ళంటే లెక్కలేనన్ని చుక్కలు. చుక్కలు సన్నగా ఉంటే నీళ్ళు సముద్రంలా కనిపిస్తాయి, లావుగా ఉంటే గ్లాసులోవాటిలా కనిపిస్తాయి. సన్నగా చెయ్యాలంటే కంప్యూటర్లు వారాల తరబడి లెక్కలు కట్టాలి. అన్ని వారాలు ఎవడిస్తాడు? దానికి ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన దొడ్డిదారి ఒకటుంది. నీళ్ళని మెల్లగా పడనివ్వడం. మెల్లగా పడితే చిన్న నీళ్ళు కూడా పెద్దగా, బరువుగా కనిపిస్తాయి. కంటిని అలా బోల్తా కొట్టించవచ్చు.

నీళ్ళావిడ ఒక్క అంకె మార్చింది. ఆలోచించి మార్చలేదు. కూరలో ఉప్పు వేసే చెయ్యి లెక్క చూసుకుంటుందా? ఎన్ని సినిమాలకు చేసిందో ఆ పని! నీళ్ళు గోడ అంచున వంగి, ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా కిందికి దిగాయి. కెమెరాని పక్షి చూసినట్టు పైన పెట్టింది. స్టూడియో అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంటలాయన అయితే "తల్లీ, నీ చేతికి దండం" అన్నాడు. ఆవిడా మురిసిపోయింది, అబద్ధం ఎందుకు?

మొదటిరోజు విచారణలో ఆ వీడియో వేశారు. ఆ సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"ఒకసారి వచ్చిపో. మీ బాబాయి రేపు తప్పు ఒప్పేసుకుంటాడట" అని పెట్టేసింది.

ఆవిడ ఆటో దిగి మెట్లెక్కేసరికి తలుపు తీసే ఉంది. పిన్ని వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"రావమ్మా రా. ఎంత బాగా చేశావో అని అందరూ ఒకటే మెచ్చుకోవడం. నీ నీళ్ళు సాక్ష్యం చెప్తాయన్నావుగా, చెప్పాయి."

"ఏమైంది పిన్నీ?"

"ఏమైందా! ఆ లాయరు లేచి, చూశారా సార్, ఎంత సమయం ఉందో, ఈ పెద్దమనిషి ఈలోపు పదిసార్లు సైరన్ నొక్కచ్చు అన్నాడు. అందరూ మీ బాబాయి మొహం వంకే చూశారు."

నీళ్ళావిడకి ఆ అంకె అప్పుడు గుర్తొచ్చింది. తను మార్చిన అంకె. చెప్పులు కూడా విప్పకుండా లోపలి గదిలోకి పరిగెత్తింది.

లోపల మంచం మీద బాబాయి చొక్కా మడతపెడుతున్నాడు. ఒకసారి మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు. కిటికీ దగ్గర ఆయన అల్లుడు, అంటే నీళ్ళావిడకి బావ, గోళ్ళు కొరుకుతూ నిలబడి ఉన్నాడు. బావకి కింద వీధిలో ఫోటో స్టూడియో ఉంది. వాళ్ళిద్దరికీ ఎప్పుడూ పడదు. నువ్వు నీళ్ళని వండుతావు, నేను నీళ్ళని పడతాను అని ఆవిడని ఏడిపిస్తాడు. ఆరోజు మాత్రం ఆయన గొంతులో ఆటపట్టింపు లేదు.

"వచ్చావా? విను. ట్యాంకు పగిలినప్పుడు నేను మా డాబా మీద పావురాల ఫోటోలు తీస్తున్నాను. నా కళ్ళెదురుగా పగిలింది. తీశాను. ఇవిగో, నిజం నీళ్ళు. ఇవి చూసి ఆ అధికారి ఏమన్నాడో తెలుసా? ఇవి కంప్యూటర్లో చేసినట్టున్నాయి అన్నాడు!"

ఆవిడ ఫోటోలు అందుకుంది. పావురాల రెక్కలు చెదిరిపోకుండా పడాలని బావ కెమెరా షట్టర్ని రెప్పపాటు కంటే వేగంగా మూసుకునేలా పెట్టుకుని ఉన్నాడు. దాంతో నీళ్ళు పడుతున్నట్టు లేవు, గాజు పలకలా గాల్లో నిలబడి ఉన్నాయి. ప్రతి చుక్కా గోలీకాయలా గుండ్రంగా, విడివిడిగా ఉంది. పన్నెండేళ్ళుగా దొంగనీళ్ళు చూసి చూసి ఉన్న ఆవిడ కంటికి కూడా ముందు అనిపించింది అదే, ఇవి నకిలీవి అని. ఆ అనిపించడం మీద ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఆ లాయరేమో, చూడండి సార్, అల్లుడి ఫోటోలోనే నీళ్ళు ఎంత ప్రశాంతంగా నిలబడి ఉన్నాయో అన్నాడు. నేను తీసినవి బొమ్మలట, నువ్వు చేసింది నిజమట. ఇక నేను కొట్టు మూసుకుని నీ దగ్గర ఉద్యోగానికి రావాలి" అన్నాడు బావ.

"బావా, నన్ను తర్వాత తిట్టు. బాబాయ్, నువ్వెందుకు ఒప్పుకోవడం? అది తప్పు వీడియో. నేనే మెల్లగా చేశాను. నీళ్ళు అలా పడలేదు."

బాబాయి తలెత్తకుండా అన్నాడు. "అలాగే పడ్డాయమ్మా."

"ఏంటి?"

"నాకు గుర్తుంది. మొదట్లో గుర్తు లేదు, అందరూ అడుగుతుంటే ఏమీ చెప్పలేకపోయాను. ఇవాళ నీ వీడియో చూశాక గుర్తొచ్చింది. గోడ మెల్లగా విచ్చుకుంది. నీళ్ళు అంచు మీంచి వంగి, అలా... అలా మెల్లగా దిగాయి. కింద సందు, లాండ్రీ షాపు రేకులు, అన్నీ కనపడుతూనే ఉన్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను. మొద్దులా నిలబడ్డాను. నొక్కి ఉంటే ఆ పిల్ల బతికేది."

నీళ్ళావిడ ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"బాబాయ్, నువ్వప్పుడు ఎక్కడున్నావు?"

"పంపు గదిలో."

"ఆ గదికి కిటికీ ఉందా?"

"లేదు. తలుపొకటే."

"మరి షాపు రేకులు పైనుంచి ఎలా కనపడ్డాయి నీకు?"

బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు, తప్పిపోయిన పిల్లాడు దారినపోయేవాళ్ళని చూసినట్టు.

"అవును... పైనుంచే చూశాను కదా" అన్నాడు. "పైనుంచి చూసినట్టే ఉందమ్మా నాకు."

అది ఆవిడ కెమెరా పెట్టిన చోటు. మనిషి తలలోకి దూరి, ఆయన చూసింది తుడిచేసి, తన సినిమా అక్కడ పెట్టేసింది! దొంగ ఇంట్లో దూరితే సామాను పోతుంది, ఇది అంతకంటే అన్యాయం. ఎంత చెప్పినా బాబాయి వినలేదు. నువ్వు నా మీద ప్రేమ కొద్దీ అంటున్నావు, నాకు గుర్తుంది కదా అనే మాట ఒక్కటే పట్టుకున్నాడు. రేపు ఒప్పుకుంటే ఈ బరువు దిగుతుందన్నాడు. అలా ఒప్పుకుంటే జైలుకి పంపిస్తారు మామయ్యా అని బావ అరిచాడు. పంపించనీ అన్నాడు బాబాయి.

పొద్దున్నే నీళ్ళావిడ స్టూడియోకి వెళ్ళి, మెల్లగా చెయ్యని మొదటి వీడియోని తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది. ఇంకొంచెం గారు అప్పుడే లోపలికి వచ్చాడు. సంగతి విని ఆయన మొహం మాడిపోయింది.

"నీకేమన్నా పిచ్చా? అది క్లయింట్ సొత్తు. వాళ్ళు అడిగింది చేశాం, వాళ్ళకి నచ్చింది."

"వాళ్ళు మెల్లగా చెయ్యమనలేదు సార్. మీరు గ్రాండ్‌గా ఉండాలన్నారు, నేను చేశాను. రెండు ప్రాణాలు పోయిన చోట మనకి గ్రాండ్ కావాల్సి వచ్చింది."

"నువ్వు ఆ ల్యాప్‌టాప్‌తో గుమ్మం దాటితే మళ్ళీ లోపలికి రానక్కర్లేదు."

"సరే సార్. నా సీటు ఎవరికైనా ఇవ్వండి, ఇంకొంచెం గ్రాండ్‌గా చేసేవాళ్ళకి" అని ఆవిడ గుమ్మం దాటింది.

విచారణ హాలు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, బల్లకి ఆ చివర అధికారి, ఈ పక్క కంపెనీ లాయరు, ఆ పక్క తలుపు దగ్గర, గోడకి ఆనుకుని మడత నలగని చొక్కాలో బాబాయి. బాబాయి లేచి నిలబడేలోపే నీళ్ళావిడ లేచింది.

"సార్, నిన్న మీరు చూసిన వీడియో చేసింది నేను. ఈయన మా బాబాయి. ఆ వీడియో తప్పు. నీళ్ళు పెద్దగా కనపడాలని నేను వాటిని మెల్లగా పడేలా చేశాను. నిజంగా పడిన వేగం ఇందులో ఉంది, చూడండి."

లాయరు అభ్యంతరం చెప్పబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, వెయ్యమన్నాడు. ఆవిడ వేసింది. గోడ పగిలింది, బుడుంగున నీళ్ళు కిందపడ్డాయి, అయిపోయింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి కూడా పెదవి కొరుక్కున్నాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది పిల్లల ఆటబొమ్మలా ఉంది. నిన్నటిది చూస్తే నిజంగా అక్కడ నిలబడి చూసినట్టుంది. మీరే చెప్పండి, నేను దేన్ని నమ్మాలి?"

"పైగా ఈవిడ ఆయన బంధువు, ఫోటోలు తీసినాయన కూడా బంధువే" అన్నాడు లాయరు. "కుటుంబం మొత్తం నీళ్ళ మీదే పడినట్టుంది సార్."

మళ్ళీ నవ్వులు. ఇద్దరు మనుషులు చచ్చిపోయిన సంగతి మాట్లాడుకునే గదిలో నవ్వులు! నీళ్ళావిడకి కళ్ళు ఎర్రబడ్డాయి. ఏళ్ళ తరబడి తనే ఈ జనాల కళ్ళకి ఈ అలవాటు చేసింది. పెద్ద నీళ్ళంటే మెల్లగా, అందంగా, తీరిగ్గా పడతాయని నేర్పింది. ఇప్పుడు నిజం తెచ్చి ముందు పెడితే ఆటబొమ్మ అంటున్నారు. లాయరు మీద కోపం, ఇంకొంచెం గారి మీద కోపం, అన్నిటికంటే మించి తన మీద కోపం, మూడూ కలిసి తలకెక్కాయి.

బల్ల మీద స్టీలు జగ్గు ఉంది, నిండా నీళ్ళతో. ఆవిడ దాన్ని తీసుకుని గబగబా కిటికీ దగ్గరికి నడిచింది. కిందికి తొంగిచూసింది. విరిగిన కుర్చీలు పడేసిన ఖాళీ పెరడు, గేటుకి తాళం వేసి ఉంది, మనిషి జాడ లేదు.

"సార్, ఆ గోడమీద అటెండర్ని పిలిచే బెల్లు ఉంది కదా. మీ కుర్చీకి రెండడుగుల దూరం. ఆ ట్యాంకు ఈ అంతస్తు కంటే కాస్త ఎత్తే, పోనీ కాసేపు ఇంతే అనుకుందాం. నేను ఈ జగ్గు వదులుతాను. ఇది కిందపడేలోపు మీరు లేచి ఆ బెల్లు కొట్టండి."

"జగ్గు వేరు, నీళ్ళు వేరు!" అన్నాడు లాయరు.

"భూమికి ఆ తేడా తెలీదండీ. దేన్నైనా ఒకేలా లాక్కుంటుంది. తేడా అంతా నా కంప్యూటర్లోనే ఉంది" అంటూనే ఆవిడ వదిలేసింది.

అధికారి కుర్చీ చేతుల మీద బరువు ఆన్చి, నడుము సగం ఎత్తాడు. కింద ఢామ్మని పేలినట్టు చప్పుడైంది. ఆయన అలాగే సగం లేచి ఉండిపోయాడు. బెల్లు గోడమీద ఎక్కడిదక్కడే ఉంది.

కానీ ఎవరూ ఆయన్ని చూడలేదు. అందరూ బాబాయిని చూస్తున్నారు. చప్పుడు అవడంతోటే బాబాయి కుడిచెయ్యి గోడమీదికి దూసుకుపోయింది. తలుపు పక్కన, భుజం ఎత్తున, సున్నం రాలేలా తడుముతోంది. వేళ్ళు దేన్నో నొక్కుతున్నాయి. నొక్కుతూనే ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"నొక్కాను" అన్నాడు. "నొక్కాను సార్. చప్పుడు వినగానే నొక్కాను. మోగలేదు. కరెంటు పోయింది, గది చీకటైంది. నొక్కుతూనే ఉన్నాను, నీళ్ళు మెడదాకా వచ్చేశాయి. పైపు పట్టుకున్నాను. నేనేమీ చూడలేదు సార్. నాకేమీ కనపడలేదు. నొక్కాను..."

పిన్ని బెంచీ మీంచి లేచి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఈసారి బెంచీల్లో ఎవరూ నవ్వలేదు.

అధికారి కూర్చున్నాడు. ఆ వీడియోని తాను లెక్కలోకి తీసుకోవడం లేదని, ఆపరేటరు మాటలు ఆయన చెప్పినవి చెప్పినట్టు రాసుకోవాలని గుమాస్తాకి చెప్పాడు. తర్వాత లాయరు వైపు తిరిగాడు.

"ఇక సైరన్ సంగతి వదిలెయ్యండి. ఆ గోడ ఎందుకు పగిలిందో చెప్పండి."

లాయరు కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు. గడువు కావాలన్నాడు.

హాలు ఖాళీ అయ్యాక నలుగురూ బయటికి వచ్చారు. బావ ఆటో పిలవడానికి ముందు దిగిపోయాడు, పోతూ పోతూ నీళ్ళావిడ భుజం మీద ఒక్కటి చరిచాడు. పిన్ని చెప్పులు వేసుకుంటోంది. బాబాయి మెట్ల దగ్గర ఆగాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఉద్యోగం పోయిందన్న సంగతి చెప్పాలనిపించలేదు. ఏదో ఒక మంచిమాట వినాలని మాత్రం ఉంది, ఎంతైనా మనిషి కదా.

"ఒకటి అడుగుతానమ్మా" అన్నాడు బాబాయి. ఆయన గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "రాత్రంతా ఆ పిల్ల నా కళ్ళముందు నిలబడింది. నేను చంపేశాననే అనుకున్నాను. నువ్వు అంత తెలిసినదానివి కదా. నీళ్ళని మెల్లగా ఎందుకు చేశావు?"

చుక్కల సంగతి, గడువు సంగతి, ఇంకొంచెం గారి సంగతి, అన్నీ ఆవిడ నోటిదాకా వచ్చాయి. అవేవీ జవాబు కాదని ఆవిడకి తెలుసు.

"అందంగా ఉంటుందని, బాబాయ్."

ఆయన తలూపాడు.

"అందంగానే ఉంది" అన్నాడు. ఆవిడ చెయ్యి అందించింది. ఆయన అది చూడనట్టే గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగడం మొదలుపెట్టాడు.